జ్ఞానయజ్ఞ శేషము

మానవుడు చేయు ప్రతి కర్మకును ఫలమొకటి, శేషమొకటి యుండును. ఫలమును గూర్చి మన శాస్త్రములును, కావ్యములును, వీథి యరుగులపై సాగు సంభాషణములును విస్తారముగా విచారించినవి. శేషమును గూర్చిన విచారము మాత్రము, వంట ముగిసిన పిమ్మట పొయ్యిలోని బూడిద నెత్తు పని వలె, ఎవరికో యొకరికి వదలివేయబడినది. కర్మ యెప్పుడు ముగియును? ఫలము చేతి కందినప్పుడా, లేక ఆ కర్మ వలన లోకములో మిగిలిపోయిన దానికి శాంతి కలిగినప్పుడా? ఈ ప్రశ్నము ప్రాచీనమే యైనను, పరిశోధనాలయములలో రేడియోధార్మిక పదార్థములు ప్రవేశించిన నాటినుండి దీనికి మునుపెన్నడును లేని నిశితత్వము కలిగినది. ఏలయన, అచ్చట శేషమనునది మాటవరుస కనునది కాదు. తూచదగినది, కొలువదగినది, తాకినవానిని గాయపరచునది, తాకనివానిని సైతము దూరమునుండియే చేరగలది.

యాదవకుమారులు సాంబునకు గర్భిణీవేషము వేసి మునులను పరిహసించిన కథ తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. శాపవశమున పుట్టిన యినుప రోకలిని ఏమి చేయవలయునను ప్రశ్నము ద్వారకలో పుట్టినప్పుడు, దానిని అరగదీయించి, చూర్ణము చేయించి, సముద్రములో కలిపించిరి. కంటికి కనబడనిది లేనిదే యని తలచి, కార్యము ముగిసినదని వారు నిశ్చింతులైరి. కాని ఆ చూర్ణము తీరమున తుంగయై మొలచినది. అరగక మిగిలిన తునకను చేప మ్రింగినదనియు, ఆ చేప వలలో పడగా లోని తునక యొక వేటకాని బాణమునకు ములికి యైనదనియు భాగవతము చెప్పుచున్నది. ఆ తుంగ వంశమును మాపినది. ఆ ములికి శ్రీకృష్ణుని అవతారమునే ముగించినది. ఈ కథ చెప్పుకొనునప్పుడు మనము శాపమును తలచి నిట్టూర్తుము గాని, రోకలిని వదిలించుకొన్న తీరును తలపము. శాపము మునులది కావచ్చును. పొడి చేసి కడలిపాలు చేయుట మాత్రము ద్వారకవారి స్వంత నిర్ణయము. చెదరగొట్టిన దానిని నశించినదానిగా భ్రమించుటయే వారి దోషము.

2010వ సంవత్సరమున ఢిల్లీ నగరములో జరిగిన సంఘటనము ఈ పురాణకథకు భాష్యమువలె నున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగమునందు, పదార్థములపై గామా కిరణముల ప్రభావమును పరిశీలించుటకై దశాబ్దుల క్రిందట కెనడానుండి తెప్పించిన గామాసెల్ అను యంత్రమొకటి యుండెను. దాని గర్భమున కోబాల్టు-60; దాని చుట్టును దట్టమైన సీసపు కవచము. 1985 తరువాత దానిని వాడినవారు లేరు. వాడుక తొలగినది, క్రమముగా జ్ఞాపకమును తొలగినది, లోపలి కోబాల్టు మాత్రము తన పని తాను చేయుచునే యున్నది. 2010 ఫిబ్రవరిలో ఆ యంత్రము పనికిరాని సామానుగా వేలమునకు వచ్చి, మాయాపురిలోని పాత ఇనుప సామాను బజారునకు చేరెను. సీసమునకు వెల యున్నది గనుక అచ్చటివారు కవచమును విప్పిరి. లోపలి లోహమును ముక్కలు చేసిరి. ఒక చిన్న తునక ఒక వర్తకుని పర్సులో చేరి అతని శరీరము నంటియుండెను. కొలది వారములలో పలువురు చర్మము కమిలి, వెండ్రుకలు రాలి ఆసుపత్రి పాలైరి. ఏప్రిల్ నెలలో వ్యాధికారణము బయల్పడెను. ఆ నెలలోనే ఒక కార్మికుడు మరణించెను. అణు సంఘటనలను తరతమములుగా లెక్కించు అంతర్జాతీయ మానమున దీనిని 4వ స్థాయి ప్రమాదముగా పరిగణించిరి.

ఇచ్చట ఒక చిన్న లెక్క చేసి చూడవలయును. కోబాల్టు-60 అర్ధాయువు 5.27 సంవత్సరములు, అనగా అంతకాలమునకు దాని తేజస్సు సగమగును, మరల అంతకాలమునకు ఆ సగములో సగమగును. వాడుక మానిన నాటినుండి వేలము నాటికి ఇరువదియైదేండ్లు గడచినవి గనుక, 1985 నాటి బలములో సుమారు ఇరువదియేడవ వంతు మాత్రమే మిగిలియుండెను. ఆ మిగిలిన వంతే ఒక మనుష్యుని ప్రాణమును తీయుటకు చాలినది. ఆ మరణించినవాడు రసాయనశాస్త్రము చదివినవాడు కాడు. ఆ యంత్రము వలన ఏ పట్టమును పొందినవాడు కాడు. దాని పేరైనను వినియుండడు. జ్ఞానము ఒకరిది, దాని శేషము మరియొకరిది యైనది. ఈ వైపరీత్యమే మన ప్రశ్నమును సాంకేతికవిషయముగా ఉండనీయక ధర్మవిచారముగా మార్చుచున్నది.

మన ధర్మశాస్త్రకారులు శుద్ధిని గూర్చి మిక్కిలి సూక్ష్మముగా ఆలోచించినవారు. మనుస్మృతి అయిదవ అధ్యాయమున శుద్ధిసాధనములను పేర్కొనుచు అగ్నిజలముల సరసన కాలమునకు గూడ స్థానమిచ్చినది. కాలమెట్లు శుద్ధికారకమగునో పురిటి మైలను, చావు మైలను ఎరిగిన ప్రతి యింటివారికిని తెలియును. ఎన్ని మునుగులు మునిగినను, ఎంత శోకించినను, నియతదినములు గడువనిదే ఆ మైల తీరదు. రేడియోధార్మిక పదార్థము విషయమున ప్రకృతి ఈ ఒక్క శుద్ధిమార్గమునే ఉంచినది. నిప్పులో వేసినచో పదార్థము పొగయై, బూడిదయై స్థానము మార్చుకొనును గాని దాని రేడియోధార్మికత రవ్వంతయు తగ్గదు. నీటితో కడిగినచో పాత్రనుండి తూమునకు, తూమునుండి కాలువకు పోవును గాని శమింపదు. ఆమ్లములు, క్షారములు పరమాణువు వెలుపలి ఎలక్ట్రానులతో వ్యవహరించునే గాని, లోపలి కేంద్రకము వాని మాట వినదు. కాలమొక్కటే దానిని శమింపజేయును.

ఆ కాలము గూడ ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క తీరున నియమింపబడియున్నది. ఫాస్ఫరసు-32 అర్ధాయువు 14.3 దినములు, అయొడిన్-125కు సుమారు 60 దినములు, గంధకము-35కు సుమారు 87 దినములు, ట్రిటియమునకు 12.3 సంవత్సరములు; కార్బన్-14కు 5,730 సంవత్సరములు. పది అర్ధాయువులు గడచిన పిమ్మట మొదటి తేజస్సులో 1,024వ వంతు మిగులును. అల్పాయువులైన వానిని అంతదనుక భద్రముగా నిలిపి, పిదప కొలిచి చూచి వదలుట పరిశోధనాలయములలో నెలకొన్న ఆచారము. మైల పాటించు దశాహమును, ఈ దశార్ధాయువులును సంఖ్యలో కలియుట కేవలము యాదృచ్ఛికము. దీనిని చూపి మన ఋషులకు పరమాణుశాస్త్రము ముందే తెలియునని చాటుట ఋషులకును, శాస్త్రమునకును అపచారమే యగును. సంఖ్య కలియుట ముఖ్యము కాదు, మనోవృత్తి కలియుట ముఖ్యము. మైలను పాటించువాడు, తన కోరికచేతను ధనముచేతను తొందరపెట్టరాని యవధి యొకటి లోకమున కలదని అంగీకరించి, ఆ యవధి తీరువరకు ఇతరులను తాకక తొలగియుండును. పరిశోధకునకు వలసినదియు ఈ వినయమే.

ఈ వినయము ఆచరణమున ఎట్లుండునో జీవశాస్త్ర ప్రయోగశాలలో ఫాస్ఫరసు-32తో పని జరుగునప్పుడు చూడవలయును. జన్యుపరిశోధనలో దశాబ్దులపాటు ఈ పదార్థము ముఖ్యసాధనమై యుండెను. అణుశక్తి విభాగమునకు చెందిన బ్రిట్ సంస్థ, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనసంస్థ ప్రాంగణమున జొనాకి యను ప్రయోగశాలను నెలకొల్పి, ఇట్టి రేడియోధార్మికాణువులు చేర్చిన జీవపదార్థములను దేశమందలి పరిశోధకులకు అందించుచు వచ్చినది. పని ప్రారంభించుటకు ముందే బల్లపై తడిని పీల్చు కాగితమును పరతురు. ఎదుట ఒక సెంటీమీటరు మందముగల పెర్‌స్పెక్స్ పలకను నిలుపుదురు. ఈ పలక స్థానమున సీసమును నిలుపుట మేలని మొదట తోచవచ్చును. కాని ఫాస్ఫరసునుండి వేగముగా వెలువడు బీటా కణములు సీసమును తాకినచో ఎక్స్ కిరణములు పుట్టును. తేలికయైన పెర్‌స్పెక్స్‌లో వాని పుట్టుక అత్యల్పము. రక్షణమునకు సైతము పదార్థస్వభావము తెలియవలయుననుటకు ఇది నిదర్శనము. చేతులకు రెండు జతల తొడుగులు, రొమ్మున కిరణమాత్రను నమోదు చేయు బిళ్ల, ప్రక్కన గైగర్ కౌంటరు. పని ముగిసిన పిమ్మట ఆ కౌంటరును చేతులపై, బల్లపై, నేలపై నెమ్మదిగా కదల్చి వినుదురు. దాని టకటకధ్వని చిక్కబడినచోట చుక్క యెక్కడనో జారినదన్నమాట. ఆ చుక్క తొలగువరకు పని ముగియలేదన్నమాట.

అటుపిమ్మట వ్యర్థముల విభజనము. తొడుగులు, కాగితములు, సూక్ష్మనాళికల కొనలు ఒక పాత్రలో, సూదులు, గాజు తునకలు వేరొక గట్టి పాత్రలో, ద్రవము ఇంకొకదానిలో, పాత్రను తొలిసారి కడిగిన నీరు సైతము ఆ ద్రవముతోనే. అల్పాయువును దీర్ఘాయువుతో కలుపరాదు. నూటనలువది మూడు దినములలో శమింపవలసిన ఫాస్ఫరసు సంచిలో కార్బన్-14 కొంత పడినచో, ఆ సంచి యంతయు మానవచరిత్ర కంటె పొడవైన నిరీక్షణమునకు గురియగును. ఒక క్షణపు అజాగ్రత్త అయిదు నెలల బాధ్యతను వేలయేండ్ల బాధ్యతగా మార్చివేయును. ప్రతి సంచిపైనను పదార్థనామము, పరిమాణము, తేదీ, వేసినవాని పేరు వ్రాసి అంటింతురు. గడువు తీరిన పిమ్మట కొలిచి చూచి, పరిసరసహజమైన స్థాయి కంటె అధికముగా లేదని నిర్ధారించుకొని, మూడు రెక్కల హెచ్చరిక చిహ్నమును చెరిపివేసిన తరువాతనే సామాన్యవ్యర్థములలో కలుపుదురు. ఈ చివరి నియమము నాకు మిక్కిలి గౌరవనీయముగా తోచును. అపాయము లేనిదానిపై హెచ్చరికను మిగిల్చుటయు అసత్యమే. అట్టి అసత్యములు పెరిగినచో, నిజమైన అపాయమునకు అంటించిన చీటిని జనులు నమ్మరు. ఆ చీటిపై వ్రాసిన నాలుగు మాటలు సత్యవ్రతమునకు ప్రయోగశాలలో లభించిన రూపము.

ఇచ్చట ఒక ఆక్షేపణమునకు సమాధానము చెప్పవలసియున్నది. కర్మయందే నీకధికారము, ఫలమునందు కాదని భగవానుడు బోధించినాడు గదా. జ్ఞానమునకై జ్ఞానము నన్వేషించు శాస్త్రజ్ఞుడు పర్యవసానములను గూర్చి ఏల చింతింపవలయును? అతనిది నిష్కామకర్మ కాదా? ఈ ఆక్షేపణము పైకి గంభీరముగ నున్నను, ఫలత్యాగమును బాధ్యతాత్యాగముగా పొరబడినది. త్యజింపవలసినది ఫలమును అనుభవింపగోరు తృష్ణ. ఇతరులకు కలుగు చేటును గూర్చిన వివేకము కాదు. పిదప ఏమగునో, ఎవరికి హాని మూడునో యోచింపక మోహముచే తలపెట్టిన పనిని గీత పదునెనిమిదవ అధ్యాయమున తామసకర్మలలో చేర్చినది. కాబట్టి గీతను సాక్షిగా పిలుచు పరిశోధకుడు సంచికకు ఎక్కిన తన వ్యాసమును గూర్చి ఉదాసీనుడు కావచ్చును గాని, తన బల్లక్రింద మిగిలిన సీసాను గూర్చి ఉదాసీనుడు కారాదు. యజ్ఞశేషమును భుజించువారు పాపముక్తులగుదురని మనవారి విశ్వాసము. జ్ఞానయజ్ఞమునకు మాత్రము శేషములు రెండు: ఒకటి వైద్యముగా, విద్యగా లోకమంతయు పంచుకొని భుజింపదగినది, మరియొకటి యజమానుడే కడదాక కాచుకొనవలసినది. మొదటిదానికి కీర్తి నందుకొని రెండవదానిని వాకిట పారవేయువాడు యజ్ఞమును సగములో విడిచినవాడు.

దీనికి మరియొక కొసనుండి వచ్చు వాదమును కలదు. ఇంత అపాయకరమైనదానిని మానవుడు తాకనే రాదని, ఈ పరిశోధనమంతయు పాపమని కొందరందురు. వారి భయమును నేను తృణీకరింపను. కాని దానితో ఏకీభవింపను. మన దేహమునందలి పొటాసియములోనే ప్రకృతిసిద్ధమైన పొటాసియము-40 కొంత యుండి, వయోజనుని శరీరములో సెకనుకు సుమారు నాలుగువేల పరమాణువులు నిరంతరము విఘటన చెందుచున్నవి. రేడియోధార్మికత సృష్టికి పరాయిది కాదు. అది ఎంత, ఎక్కడ, ఎంతకాలము, ఎవరి సమీపమున అనునవియే అడుగవలసిన ప్రశ్నములు. అహింస యనగా వస్తువును చూచి పారిపోవుట కాదు. దానివలన ఒరులకు హాని కలుగకుండునట్లు మెలకువతో మెలగుట. విసర్జనమునకు శాస్త్రజ్ఞులు చెప్పు మూడు మార్గములు, అనగా కాలక్షయమునకై నిలుపుట, పరిమితికి లోబడి పలుచన చేసి వదలుట, గాఢపరచి బంధించుట, అనునవి ఈ మెలకువకే వివిధరూపములు. వానిలో పలుచన చేయుట ద్వారకవారి మార్గమునకు చేరువగా నున్నది గనుక దానికి కఠినమైన మితి విధింపబడినది. ఆ మితిలో అది నిర్దోషము. మితి తప్పినచో చూర్ణము తుంగయై మొలచును.

అల్పాయువుల విషయము ఇట్లుండ, మనకంటె దీర్ఘాయువులైన వాని మాట యేమి? 1898లో రేడియమును కనుగొన్న మేరీ క్యూరీ ఆ పదార్థముల నడుమ జీవితమంతయు గడిపి, 1934లో రక్తక్షయవ్యాధితో మరణించినది. ఆమె ప్రయోగపుస్తకములు నేటికిని పారిస్ నగరపు జాతీయగ్రంథాలయమున సీసపు పెట్టెలలో నున్నవి. రేడియము-226 అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరములు. నూరేండ్లు గడచినను దాని తేజస్సు నూటికి నాలుగు వంతులకు కొంచెము మించి మాత్రమే తరుగును. ఆ మహనీయురాలు అపాయపు లోతు తెలియని కాలమున పనిచేసినది. తెలియనితనము ఆమెను కాపాడలేదు గాని ఆమెకు దోషమును అంటనీయదు. తెలిసిన తరువాత పుట్టిన మనకు ఆ మినహాయింపు లేదు. ఒకానొక జన్మములో ఆరంభించిన కర్మ తరువాతి జన్మములను వెంటాడునని మనవారు చెప్పినప్పుడు కొందరు నవ్విరి. ఒక తరము తెరచిన సీసా అరువది తరములను వెంటాడుట నేడు లెక్కకట్టి చూపదగిన సత్యము.

ఇట్టి దీర్ఘకాలిక వ్యర్థములను గూర్చి భవిష్యత్తువారిని హెచ్చరించుట యెట్లను ప్రశ్నమునకు సంజ్ఞాశాస్త్రవేత్త థామస్ సెబియక్ 1984లో విచిత్రమైన సమాధానమొకటి సూచించెను. భాషలు మారును, లిపులు మరుగుపడును, కాని మతాచారములు నిలుచును. కాబట్టి సత్యమెరిగిన కొలదిమంది ఒక అణుపురోహితవర్గముగా ఏర్పడి, కల్పితగాథలచేతను క్రతువులచేతను జనులను ఆ స్థలములకు దూరముగా నుంచవలయునని ఆయన ప్రతిపాదనము. పదివేలయేండ్ల దూరమున నున్నవారి క్షేమమునకై ఇంత తపించిన హృదయమునకు నమస్కరించుచునే, ఈ మార్గమును నేను నిరాకరింతును. అర్థము పోయి ఆచారము మిగిలినప్పుడు ఏమగునో మన సమాజమునకు తెలిసినంతగా మరి యే సమాజమునకును తెలియదు. జ్ఞానమును కొందరిచేత దాచి, భయమును అందరికి పంచు వ్యవస్థ ఏదో యొకనాడు ఆ భయమును తన యధికారమునకు వాడుకొనును. మూడు రెక్కల చిహ్నము చదువనివారికి ఏమియు చెప్పదని గ్రహించియే, 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బలమైన కిరణమూలములకై పుర్రెను, పారిపోవు మనిషిని చేర్చి క్రొత్త చిహ్నమును వెలువరించినది. అదియు మేలే. కాని పాత ఇనుము బజారులో పనిచేయు కూలికి ఆ చిహ్నము యొక్క భావమును అతని భాషలో చెప్పు మనిషి యుండుట అంతకంటె మేలు. గోపురమెక్కి మంత్రమును చాటిన రామానుజుని గౌరవించు నేలపై, ప్రాణరక్షకమైన జ్ఞానమును రహస్యముగా నుంచుట ధర్మము కానేరదు.

చట్టము లేక ఈ అనర్థములు కలిగినవని చెప్పుటకును వీలులేదు. మన దేశమున అణుశక్తి నియంత్రణ మండలి 1983లోనే ఏర్పడినది. రేడియోధార్మిక వ్యర్థముల సురక్షిత విసర్జనమునకు నియమావళి 1987లోనే వచ్చినది. మాయాపురి దుర్ఘటన నాటికి ఈ రెండును ఉండెను. చట్టము అడిగినవానికి సమాధానము చెప్పును. అడుగవలెనను స్ఫురణ మనుష్యుని లోపల పుట్టవలయును. అట్టి స్ఫురణకు మన ఆచారములలో ఒక పోలిక కలదు. నిత్యాగ్నిహోత్రియైన ఆహితాగ్ని మరణించినప్పుడు, అతడు జీవితమంతయు వాడిన జుహువు మొదలగు దారుపాత్రలను అతని దేహముపై నుంచి అతనితోనే దహనము చేయుట శ్రౌతాచారము. యజమానుడు పోయిన తరువాత ఆ పాత్రలు అనాథలై, వాని మహిమ తెలియనివారి చేత పడరాదను భావన అందు నాకు గోచరించుచున్నది. కోబాల్టును దహింపలేము గనుక, పరిశోధకునకు అంతటి సులభమార్గము లేదు. అతడు పదవి విరమించునాడు తన యధీనమున నున్న ప్రతి మూలమును పేరు పేరున లెక్క యొప్పగించి, స్వీకరించినవాని సంతకము పొంది, ఆ పరంపరలో ఒక కొక్కెమై నిలువవలయును. ఆ పరంపర తెగినచోటనే వేలపు పాటగాడు ప్రవేశించును.

కాబట్టి మన విశ్వవిద్యాలయముల ఆచార్యులకును, పరిశోధకవిద్యార్థులకును, విభాగాధిపతులకును నా విన్నపము ఇది. ప్రయోగమునకు అనుమతి కోరు పత్రమున మీరు మొదటి పుటలో ఆశయమును వ్రాయుదురు. ఆ పుటలోనే, మిగులునది ఏమి, దాని యర్ధాయువెంత, దానిని కాచువాడెవడు, అతని తరువాత ఎవడు అను నాలుగు ప్రశ్నములకు సమాధానములను గూడ వ్రాయుడు. ఆ సమాధానములు దొరకనిచో ప్రయోగమును ఆపుడు; దొరకినచో నిర్భయముగా సాగింపుడు. మీ గిడ్డంగులలో పేరు చెరిగిపోయిన పెట్టెలున్నచో ఈ వారమే తాళము తీయించి, కిరణరక్షణాధికారిని పిలిపించి, కొలిపించుడు. మీ జ్ఞానములో పాలు లేనివానికి దాని శేషములో పాలు పంచుట అధర్మము.